చుక్క గుర్తు లేని మాట

గురువారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు డిటెక్టివ్ హైమావతి సైన్స్ పార్క్‌లోని ‘మనోలిపి’ కంపెనీ మూడో అంతస్తులో అడుగుపెట్టేసరికి, నేరం ఎవరు చేశారో తేలిపోయిందని ఆఫీసులో అందరూ నమ్ముతున్నారు.

ఆ నేరస్థుడు కాన్ఫరెన్స్ గదిలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. పేరు నూకరాజు. ముప్పై నాలుగేళ్లు. టెక్కలి దగ్గర పల్లెటూరి నుంచి ఈ పరాయి దేశానికి వర్క్ పర్మిట్ మీద వచ్చి, క్రాంజీలోని పనివాళ్ల డార్మిటరీలో ఉంటూ భవనాలకు రంగులు వేస్తున్నాడు. అతని పర్మిట్ కార్డు కాంట్రాక్టరు సూపర్‌వైజరు జేబులో ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలీసు ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆ తర్వాత నూకరాజు ఈ గదిలో ఉండడు.

జరిగింది మంగళవారం సాయంత్రం. భవనం వెనక మెట్ల మీద, రెండో అంతస్తుకు కాస్త కింద, డాక్టర్ జనార్ధనరావు తల పగిలి పడి ఉన్నాడు. విశాఖపట్నంలో సైకాలజీ పాఠాలు చెప్పి రిటైరైన ఆయన, రెండేళ్లుగా ఇదే ఊళ్లోని బుకిట్ బటోక్‌లో కూతురు అరుణ ఇంట్లో ఉంటూ ఈ కంపెనీకి సలహాదారుగా పనిచేస్తున్నాడు. ఇంకా స్పృహ రాలేదు. ఆయన తోలు సంచీ, అందులో ఉన్న పాత నోటుపుస్తకం మాయమయ్యాయి. హైమావతిని పెట్టుకున్నది అరుణ.

“ఆరుగంటలప్పుడు ఎక్కడున్నావు?” అని అడిగింది హైమావతి.

“కిందమ్మా. ఒకటో అంతస్తు గోడకి రంగేసి, ఆరు కొట్టీసరికి ఆపీసినాను. బ్రెష్షులు కడగడానికి బయట కుళాయి కాడికెల్లినాను.”

“అంతసేపు కడిగావా?”

“ఎనామిలు రంగమ్మా. టిన్నరేసి రుద్దాల. అరగంట పైనే పడతాది. వొచ్చి డబ్బాలు సర్దుదామని మెట్లెక్కితే ఆ బాబు పడిపోయున్నారు. కళ్లజోడు ఓపక్క, ఆయనోపక్క. గార్డు కాడికి పరిగెట్టినాను.”

గార్డు రిజిస్టరులో ఆ టైము ఆరూ నలభై రెండు అని ఉంది.

“నిన్న నీకేదో పరీక్ష పెట్టారట?”

నూకరాజు తల దించుకున్నాడు. “ఏవో మాటలు సదివినారమ్మా. ఒక్కో మాటకీ నోటికొచ్చింది సెప్పమన్నారు. సెప్పినాను. అంతే, నువ్వే సేసినావన్నారు.”

తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చినవాణ్ణి చూడకముందే, అత్తరు వాసనను బట్టే హైమావతికి ఎవరో తెలిసింది.

సుధాకరరావు. ఆరేళ్లు ఇద్దరూ కలిసి ఒకే ఏజెన్సీ నడిపారు. కేసులు ఆమె ఛేదించేది, పేపర్లో ఫొటో ఆయనది పడేది. మూడేళ్ల కిందట విడిపోయాక ఆమె సెరంగూన్ రోడ్డులో మిఠాయి దుకాణం మీద ఒంటిగది అద్దెకు తీసుకుంది. ఆయనకు ఊరి మధ్య అద్దాల ఆఫీసు, ఇద్దరు అసిస్టెంట్లు, నడుముకి రెండు సెల్‌ఫోన్లు వచ్చాయి. ఈ కంపెనీ ఆయన్ని పెట్టుకుంది.

“నువ్వొచ్చేసరికి ఎప్పుడూ కేసు అయిపోతుంది హైమా,” అన్నాడు. చేతిలో కంప్యూటరు ప్రింటు కాగితం ఉంది. “ఇదిగో. మెట్లు అన్న మాటకి అయిదు పాయింట్ రెండు సెకన్లు. సంచీకి నాలుగు పాయింట్ ఎనిమిది. మిగతా వాటికి ఒకటిన్నర దాటలేదు. మెషీన్ అబద్ధం చెప్పదు.”

మనోలిపి అమ్మబోతున్న సరుకు అదే. కొత్త శతాబ్దం వచ్చి రెండు నెలలు కాలేదు. పేరు చివర డాట్‌కామ్ ఉంటే చాలు, పెట్టుబడులు వాటంతటవే వచ్చిపడుతున్న రోజులు. తెర మీద ఒక మాట కనిపిస్తుంది. చూసినవాడు, చదువు రాకపోతే ఎవరైనా చదవగా విన్నవాడు, తనకు తోచిన మాట వెంటనే చెప్పాలి, లేదా టైపు చెయ్యాలి. మధ్యలో ఎంతసేపు పట్టిందో కంప్యూటరు సెకనులో వెయ్యో వంతు దాకా కొలుస్తుంది. ఎక్కడ ఆలస్యమైతే అక్కడ మనసులో ఏదో దాగి ఉన్నట్టు. శుక్రవారం పెట్టుబడిదారుల సమావేశం ఉంది. అందులో మాట్లాడవలసినవాడు జనార్ధనరావు.

హైమావతి కాగితం చూసి, నూకరాజు వైపు తిరిగింది. “సంచీ అంటే ఎందుకు ఆలోచించావు?”

“ఏ సంచో తెలీక అడుగుదామనుకున్నానమ్మా. బియ్యం సంచా, సిమెంటు సంచా అని. అడగకూడదేమోనని ఊరుకున్నాను.”

“మెట్లంటే?”

అతను అరచేతుల్లోకి చూసుకున్నాడు. “ఆ నెత్తురు కళ్ల ముందరకొచ్చీసింది.”

సుధాకరరావు నవ్వాడు. “దొంగలందరూ ఇదే చెబుతారు.”

“దొంగలు కానివాళ్లు కూడా ఇదే చెబుతారు సుధాకర్ గారూ,” అని ఆమె లేచింది. “మెట్లు చూసొస్తాను.”

*

వెనక మెట్లకు ప్రతి అంతస్తులోనూ బరువైన ఇనుప తలుపు ఉంది. కార్డు చూపిస్తే తెరుచుకుంటుంది. బయటికి పోయే కింది తలుపుకు మాత్రం కార్డు అక్కర్లేదు, ఆ సాయంత్రం అటు తిరిగింది రంగులవాడొక్కడే. మంగళవారం సాయంత్రం ఆరు గంటల తర్వాత నమోదైనది ఒకే ఒక్క కార్డు. మూడో అంతస్తులో ఆరూ పన్నెండుకు, జనార్ధనరావుది. వేరెవరూ తలుపు తీయలేదు, కాబట్టి ముందే మెట్ల మీద ఉన్న రంగులవాడే ఆయన్ని తోశాడు. సుధాకరరావు లెక్క అది.

హైమావతి మెట్టుమెట్టూ చూస్తూ దిగింది. రెండో అంతస్తు తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. నేల మీద, గడపకు జానెడు దూరంలో, తెల్లటి వలయం. రంగు డబ్బా అడుగు అచ్చు. తలుపు అంచుకు లోపలివైపు, డబ్బా ఎత్తులో, తెల్లటి చార ఒకటి ఎండిపోయి ఉంది.

నూకరాజును పిలిపించి చూపించింది.

“అవునమ్మా, నానే పెట్టినాను. ఆరు కాకముందు ఎవులో తలుపు తీసుకుని పోతంటే, రంగు వాసన పోవాలని తలుపుకి డబ్బా అడ్డం పెట్టినాను. పెద్దాయన్ని ఆస్పత్రికి తీసుకెల్లినాక తీసినాను.”

“ఈ సంగతి నిన్న చెప్పావా?”

“ఎవులూ అడగనేదమ్మా.”

అంటే రెండో అంతస్తులో ఉన్నవాళ్లెవరైనా కార్డు లేకుండా మెట్ల మీదకు రావచ్చు, పోవచ్చు. గార్డును అడిగితే, రెండో అంతస్తులో ఉన్నది ఒకటే, మనోలిపి సర్వర్ల గది అన్నాడు. ఆ గది తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి. కంపెనీ పెట్టిన కృష్ణచైతన్య దగ్గరా, అతని భార్య నందిత దగ్గరా.

ఆమె మళ్లీ పైకెక్కింది. ఒక్క క్షణం తనను తాను నిలదీసుకుంది. నూకరాజు నిర్దోషి అని తనకు నిజంగా అనిపిస్తోందా, లేక సుధాకరరావు తప్పు కావాలని ఉందా? రెండూ ఉన్నాయి. ఎంతెంత పాలు ఉన్నాయో ఆమె తేల్చుకోలేకపోయింది.

*

జనార్ధనరావు గది చిన్నది. బల్ల మీద శుక్రవారం చదవవలసిన ఉపన్యాసం ఉంది, తెలుగులో, చేత్తో రాసినది. పదకొండూ ఐదు. హైమావతి కుర్చీ లాక్కుని చదివింది.

‘మనసులో మనకే తెలియని మనసు ఒకటుందని వియన్నాలో ఒక వైద్యుడు మొదట చెప్పినప్పుడు, తోటి వైద్యులు కోప్పడలేదు. నవ్వారు. సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి, ఇది శాస్త్రం పేరుతో చెప్పిన కట్టుకథలా ఉందన్నాడు. కలల మీద ఆయన రాసిన పుస్తకం ఆరువందల ప్రతులు అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. మర్యాదస్థుల ఇళ్లలో ఆ పేరు ఎత్తడమే తప్పయింది. తన మనసు తన చేతిలో లేదంటే ఏ పెద్దమనిషి ఒప్పుకుంటాడు?

‘తర్వాత జ్యూరిక్‌లో కొందరు యువ వైద్యులు స్టాప్‌వాచ్ గడియారం పట్టుకుని, మాట చెప్పి, బదులు మాటకు ఎంతసేపు పడుతుందో కొలిచారు. అప్పుడు గాలి తిరిగింది. నవ్వినవాళ్లే ఎగబడ్డారు. దొంగల్ని పట్టే యంత్రం దొరికిందని పత్రికలు రాశాయి.

‘మా తాతగారు బందరులో డాక్టరు. 1923లో టౌన్‌హాల్లో దీన్ని గురించి మాట్లాడారు. ఆయన పెట్టుకున్న పేరు మరుగు మనసు. ప్లీడర్లు పొట్ట పట్టుకుని నవ్వారు. కలలు అడిగే డాక్టరు దగ్గరికి ఆడవాళ్లని పంపబోమని పేషెంట్లు మానేశారు. అటువంటి సమయంలో ఒక జమీందారు పల్లకీ పంపాడు. ఇంట్లో హారం పోయింది, నౌకర్లకు ఆ గడియారం పరీక్ష పెట్టి దొంగను చూపించమన్నాడు. అన్నాళ్ల వెక్కిరింపు తర్వాత ఒకరు నమ్మారన్న సంతోషంలో మా తాతగారు వెళ్లారు. వంటమనిషి అంకమ్మ, హారం అన్న మాటకు బదులు చెప్పలేక నీళ్లు నమిలింది. ఆమెను స్తంభానికి కట్టి కొట్టారు. నెల తర్వాత హారం జమీందారు అల్లుడి దగ్గర బయటపడింది. అంకమ్మ కుడిచెయ్యి మళ్లీ లేవలేదు. మా తాతగారు ఆ రోజు నోటుపుస్తకంలో ఆఖరి వాక్యం రాసి మూసేశారు. ఆ పుస్తకం మీకు చూపిస్తాను. నమ్మనివాళ్లు చేసిన నష్టం కన్నా, మరీ నమ్మినవాళ్లు చేసిన నష్టం ఎక్కువ అని చెప్పడానికే నేను మీ ముందు నిలబడ్డాను.’

“ఇది చదివితే ఎవరూ పెట్టుబడి పెట్టరు.” గుమ్మంలో నిలబడి ఆ మాటన్నది నందిత. ఇరవై తొమ్మిదేళ్లు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. “అయినా చదవాల్సిందే అన్నాను సార్‌తో. నేను ఆయన స్టూడెంట్‌ని. ఈ పద్ధతంతా సార్ నేర్పిందే.”

“జనార్ధనరావు గారు నేర్పింది సగం,” అని ఆమె వెనక నుంచి సవరించాడు కృష్ణచైతన్య. ముప్పై ఒకటో ఏట కంపెనీ అధిపతి. మూడు రోజుల గడ్డం. “ప్రోగ్రామ్ మనం రాశాం.”

“మంగళవారం ఆరుగంటలకు మీరెక్కడున్నారు?” అని నందితనే అడిగింది హైమావతి.

“బెంగుళూరు వాళ్లతో స్పీకర్ ఫోన్లో ఉంది. పావు తక్కువ ఆరు నుంచి ఏడు దాకా. గదిలో ఇంకో ఇద్దరు ఉన్నారు.” జవాబు చైతన్య చెప్పాడు.

“మీరు?”

“సర్వర్ రీస్టార్ట్ చేస్తున్నాను. రెండో అంతస్తులో. సుధాకరరావు గారికి చెప్పాను.”

“సార్ ఆ రోజు కాఫీ కూడా తాగలేదు,” అంది నందిత తనలో తాను అనుకుంటున్నట్టు. “చక్కెర లేకుండా నేనే కలిపి పెట్టాను. అలాగే ఉండిపోయింది.”

చైతన్య దవడ బిగుసుకుంది. అది కోపం కాదు. తనకు రావలసిన ముద్ద ఇంకొకరి కంచంలో పడుతుంటే చూసేవాడి ముఖం. ఆ ముఖం హైమావతికి కొత్త కాదు. సుధాకరరావు ఫొటో పేపర్లో వచ్చిన ప్రతిసారీ అద్దంలో చూసుకుంది.

*

పదకొండూ నలభై. సుధాకరరావు కారిడార్లో ఒక సెల్‌ఫోన్లో మాట్లాడుతూ, రెండోది చూసుకుంటున్నాడు.

“నిన్నటి పరీక్షలో చదివిన మాటల జాబితా కావాలి,” అంది హైమావతి.

“ఎందుకు? రిజల్ట్ చూశావుగా.”

“రెండో అంతస్తు తలుపు మంగళవారం అరగంటకు పైగా తెరిచే ఉంది. డబ్బా అచ్చు నేల మీద ఉంది. మీరు ఆ మెట్లు దిగలేదు.”

ఆయన ఫోను చెవి నుంచి తీశాడు. “నేను ఏం చూశానో ఏం చూడలేదో నువ్వు లెక్క రాస్తున్నావా? నా కింద పనిచేసినప్పటి బుద్ధి పోలేదన్నమాట.”

“మీ కింద కాదు, మీతో. ఆరేళ్లయినా మీకు ఆ తేడా తెలియలేదు.”

“కడుపుమంట, హైమా. మొదటి నుంచీ అదే. నాకు ఆఫీసుంది, నీకు లేదు.”

“అవును, మంట ఉంది,” అంది ఆమె నెమ్మదిగా. “మీ ఆఫీసు ముందు నుంచి బస్సు పోతుంటే తల తిప్పుకుంటాను. అది వేరే సంగతి. కానీ ఒంటిగంటకు ఆ కాగితం మీ చేత్తో ఇన్‌స్పెక్టరుకు ఇచ్చాక, తలుపు తెరిచి ఉందని తేలితే, పేపర్లో పడేది మీ ఫొటోనే. జాబితా ఇవ్వండి.”

సుధాకరరావు ఫైల్లోంచి కాగితం తీసి ఇచ్చాడు.

ఇరవై మాటలు. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగు మాటలు. అయిదింటి పక్కన చుక్క గుర్తు ఉంది. మెట్లు, రక్తం, సంచీ, కళ్లజోడు, పుస్తకం.

“చుక్క ఉన్నవి నేను చెప్పాను,” అన్నాడు సుధాకరరావు. “కేసుకు సంబంధించినవి. మిగతా పదిహేను ఉత్తవి. వాడికి అనుమానం రాకుండా మధ్యమధ్య కలపడానికి. చైతన్య అక్కడికక్కడే కూర్చుని టైపు చేశాడు.”

“ఆయనొక్కడేనా?”

“నేను పక్కనే ఉన్నాను. నోటికొచ్చినవి కొట్టెయ్ అన్నాను. నిమిషంలో అయిపోయింది.”

హైమావతి ఉత్త మాటలు చదివింది. వాన, అన్నం, బస్సు, చేప, కిటికీ, ఉప్పు, అక్క, జరీ, చెప్పులు, పాలు...

ఆమె వేలు ఒకచోట ఆగింది. అన్నీ రోజూ నోట్లో నలిగే మాటలు. ఒక్కటి మాత్రం కాదు. కంప్యూటర్లు తప్ప ఇంకోటి తెలియని మగవాడు, రంగులు వేసే మగవాడి కోసం తొందరగా పదిహేను మాటలు అనుకుంటే, జరీ ఎందుకు వస్తుంది?

ఆమె ఆస్పత్రిలో ఉన్న అరుణకు ఫోన్ చేసింది.

“నాన్నగారు ఎలా ఉన్నారమ్మా?”

“అలాగే ఉన్నారు ఆంటీ. ఇందాక ఒక్కసారి వేలు కదిలింది. డాక్టర్ చూడలేదు, నేనే చూశాను.”

“ఒక్కటి అడుగుతాను. ఆలోచించి చెప్పు. మంగళవారం ఆయన దగ్గర జరీ ఉన్నదేమైనా ఉందా? శాలువా, చేతిరుమాలు, ఏదైనా?”

“మీకెలా తెలుసు? ఆ నోటుపుస్తకం అట్ట ఊడిపోతోంది. మంగళవారం మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు, అమ్మ పట్టుచీర పాతది ఒకటుంటే, జరీ అంచు చింపి పుస్తకానికి కట్టి ఇచ్చాను. ఆకుపచ్చది. అమ్మ ఉంటే తనే కట్టేదని నాన్న అన్నారు. పోలీసులకు పుస్తకం అని చెప్పానే గాని, అది చెప్పలేకపోయాను. ఏడుపొచ్చేసింది.”

“ఆఫీసులో ఎవరికైనా చూపించారా?”

“లేదు. ఆరూ ఐదుకి నాకు ఫోన్ చేశారు. బయల్దేరుతున్నాను, పుస్తకం సంచీలోంచి తియ్యనేలేదు, శుక్రవారం అందరి ముందే విప్పుతాను అన్నారు.”

ఆరూ ఐదుకు ఆ జరీ సంచీలో ఉంది. ఆరూ పన్నెండుకు ఆయన మెట్ల మీదకు వచ్చాడు. ఆ తర్వాత సంచీ తెరిచినవాడికి తప్ప దాని సంగతి తెలియదు.

ఆమె చెప్పింది విని సుధాకరరావు గోడకు ఆనుకున్నాడు. జాబితా ఆయన చేతిలోనే, ఆయన ఎదురుగానే తయారైంది. చుక్క గుర్తులు ఆయనే పెట్టించాడు. ముఖం మీద మొదట కోపం, తర్వాత లెక్క, చివరకు ఇంకేదో కనిపించి పోయాయి.

“ఒక్క మాట సాక్ష్యం కాదు,” అన్నాడు.

“కాదు. మీ అయిదు సెకన్లు కూడా కాదు. వస్తువు కావాలి. సర్వర్ల గది తెరిపించండి. మిమ్మల్ని పెట్టుకున్నది వాళ్లు. మీరడిగితే కాదనరు.”

*

పన్నెండూ పది. రెండో అంతస్తు గదిలో చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కేబుళ్లు పోవడానికి వీలుగా, అసలు నేలకు అడుగున్నర పైన చదరపు పలకలు పరిచి ఉన్నాయి. పలకలు ఎత్తే రబ్బరు పిడి గోడకు వేలాడుతోంది. చైతన్య గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. పక్కన నందిత.

“పలకలు తీస్తే దుమ్ము రేగుతుంది,” అన్నాడు చైతన్య. “రేపు డెమో ఉంది.”

“చైతన్యగారూ, ఉత్త మాటలు మీరు టైపు చేశారు కదా,” అంది హైమావతి. “జరీ అని ఎందుకు కొట్టారు?”

“జరీ అని కొట్టానా?” అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. జాబితా తీసుకుని చూసుకున్నాడు. తన చేత్తో రాసింది తనకే మొదటిసారి కనిపించినవాడిలా చూశాడు. కాగితం తిరిగి ఇచ్చేశాడు. “ఏదో... తోచింది.”

సుధాకరరావు అప్పటికే పిడి తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఖరీదైన ప్యాంటు దుమ్ము పట్టింది. మొదటి వరుసలో ఏమీ లేదు. రెండో వరుసలో ఏమీ లేదు. మూడో వరుస చివరి పలక ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి, భుజం దాకా దూర్చాడు. బయటికి లాగినప్పుడు గోధుమరంగు తోలు సంచీ వచ్చింది. దాని మూత తెరిచే ఉంది. లోపల నల్లట్ట పుస్తకం, దాని చుట్టూ ఆకుపచ్చ పట్టు అంచు, అందులో మాసిన బంగారు జరీ.

నందిత చైతన్య పక్కనుంచి దూరంగా జరిగింది.

సుధాకరరావు లేచి హైమావతి దగ్గరగా వచ్చి, ఆమెకు మాత్రం వినబడేట్టు, “ఇన్‌స్పెక్టరుకు ఇది నాకు దొరికిందని చెబుతాను,” అన్నాడు.

మళ్లీ అదే మంట. ఆరేళ్ల మంట. ఆమె దాన్ని మింగింది. “చెప్పండి. ముందు వెళ్లి నూకరాజు పర్మిట్ కార్డు అతని చేతిలో పెట్టించండి. నేను చూస్తుండగా.”

ఆయన సూపర్‌వైజరును పిలవడానికి ఒక ఫోను తీశాడు.

“నేను తొయ్యలేదు,” అన్నాడు చైతన్య. ఎవరినీ చూడకుండా మాట్లాడుతున్నాడు. “అడగాలనుకున్నాను, అంతే. ఆయన దిగుతున్న చప్పుడు విని తలుపులోంచి వచ్చాను. నా భార్యకూ మీకూ మధ్య ఏముందని అడిగాను. ఆయన నవ్వాడు. నీకు నిద్ర కావాలి నాయనా అన్నాడు. పోబోతుంటే సంచీ పట్టుకుని లాగాను. మూత ఊడి ఆ అంచు కనిపించింది. నందిత పెళ్లిచీర అంచు అలాగే ఉంటుంది, ఆకుపచ్చ. నాకింకేమీ కనిపించలేదు. గట్టిగా గుంజాను. ఆయన పడ్డాడు.”

“పిలవలేదా? ఎవరినీ పిలవలేదా?” అంది నందిత.

“సంచీ తీసుకుని లోపలికొచ్చాను. ఆ గుడ్డ చూస్తూ కూర్చున్నాను. నీదని నమ్మకం. రెండు రోజులూ కళ్లు మూస్తే అదే.”

“అది అరుణ వాళ్ల అమ్మగారి చీర,” అంది హైమావతి.

అతనికి ఆ మాట చేరడానికి చాలాసేపు పట్టింది.

“అసలు ఎందుకు అనుమానించావు?” నందిత గొంతులో ఏడుపు లేదు. “ఏం చూశావని? సార్ నాకు తండ్రి లాంటివారని వెయ్యిసార్లు చెప్పాను.”

“చెప్పావు. నోటితో చెప్పేదానికి విలువేముంది? ఈ కంపెనీ పెట్టిందే అందుకు కదా.” అతను మొదటిసారి ఆమెకేసి చూశాడు. “డిసెంబర్లో నువ్వు నీ మీదే పరీక్ష చేసుకున్నావు. రెండువందల మాటలు. ఆ ఫైలు సర్వర్లో ఉంది. నేను చూశాను. గురువు అన్న మాటకు నీకు సెకను కూడా పట్టలేదు. భర్త అన్న మాటకు నాలుగు సెకన్లు. కచ్చితంగా నాలుగు పాయింట్ ఒకటి. రెండువందల మాటల్లో అంత ఆలస్యం ఇంకెక్కడా లేదు. రెండు నెలలుగా నీ పక్కన పడుకుని ఆ నాలుగు సెకన్లే లెక్కపెట్టుకుంటున్నాను. సార్ ఇలా అన్నారు, సార్ అలా అన్నారు అని అన్నం దగ్గర కూడా నువ్వు చెబుతుంటే.”

“నేనేం బదులిచ్చానో చూశావా?”

“చూశాను. ఫోను అని కొట్టావు. నేనెప్పుడూ ఫోనుకే అతుక్కుని ఉంటాననేగా?”

నందిత భుజానికున్న బ్యాగులోంచి చిన్న నోట్‌బుక్ తీసింది. చేత్తో గీతలు గీసి, ప్రతి పరీక్షకూ తేదీ, టైము, పక్కన చిన్న చిన్న గమనికలు రాసుకున్న పుస్తకం. పేజీలు వెనక్కి తిప్పి, డిసెంబరు పద్నాలుగు దగ్గర ఆపి, అతని చేతికిచ్చింది. హైమావతికి కూడా ఆ వరుస కనిపించింది. గుండ్రటి చేతిరాత.

‘భర్త. మధ్యలో ఫోను మోగింది. చైతన్య. ఈ మాట లెక్కలోకి తీసుకోకూడదు.’

అతను దాన్ని చదివాడు. మళ్లీ చదివాడు. లిఫ్టు ఆగిన చప్పుడు, కారిడార్లో బూట్ల చప్పుడు వినిపించాయి. ఒంటిగంటకు రావలసిన ఇన్‌స్పెక్టరు అరగంట ముందే వచ్చేశాడు.

“ఎందుకు చేశాను?” అన్నాడు చైతన్య పుస్తకంలోంచి తల ఎత్తకుండా. “ఆ ఫోను. గుర్తు లేదు.”

“అన్నం తిన్నావా అని అడిగావు,” అంది నందిత.